గోడకు తగిలించిన గార్డు

మా బావకు మిషన్ల గురించి తెలియనిది లేదని మా ఇంట్లో అందరి నమ్మకం. బావ అంటే మా ఆయన అన్న. పెనుకొండ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తాడు. ఏం పని అంటే, తయారైన సామాన్లను అట్టపెట్టెల్లో సర్ది టేపు అంటించే పని. ఆ పెట్టెలకు కాస్త దూరంలో పెద్ద పెద్ద మిషన్లు తిరుగుతుంటాయట. వాటి గాలి తగిలిందో ఏమో, ఇంటికొచ్చి మిక్సీ దగ్గర్నుంచి బోరు మోటారు దాకా దేని గురించైనా "మా కంపెనీలో అయితే" అని మొదలుపెడతాడు. మా అత్త నోరు తెరుచుకుని వింటుంది. మా ఆయన తల ఊపుతాడు. నేను మాత్రం చీరల కొంగులకు కుచ్చులు కట్టుకుంటూ తల ఎత్తేదాన్ని కాదు.

ఎత్తకపోవడానికి కారణం ఉంది. నేను హిందూపురంలో మోటార్లు రిపేరు చేసే అంగట్లో పెరిగిన దాన్ని. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టడం, కట్టర్లు, డ్రిల్లింగ్ మిషన్లు బాగుచేయడం మా నాయన పని. బడి వదలగానే నేను ఆ అంగట్లోకే వెళ్ళి, గోనెపట్టా పరుచుకుని లెక్కలు చేసుకునేదాన్ని. చుట్టూ కాలిన వార్నీషు వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే.

నాయన మెతక మనిషి. ఎవరైనా ఎంత బేరమాడినా సరేననేవాడు. ఒక్క విషయంలో మాత్రం మొండి. గార్డు లేని కట్టర్‌ను ముట్టుకునేవాడు కాదు. చేత్తో పట్టుకుని రాళ్ళూ టైల్సూ కోసే చిన్న మిషన్ను మేం కట్టర్ అంటాం. దాని బ్లేడును సగం కప్పి ఉంచే ఇనుప మూత గార్డు. రిపేరుకు తెచ్చినవాడు గార్డు ఊడదీసి ఇంట్లో పెట్టి వచ్చాడంటే నాయన మిషన్ను బల్ల మీదికి కూడా ఎక్కనిచ్చేవాడు కాదు.

"దుడ్లు తర్వాత మాట్లాడుదాం. ముందు పోయి గార్డు తీస్కరా పోప్పా," అనేవాడు.

వచ్చినవాడు గొణుక్కుంటూ వెళ్ళేవాడు. కొందరు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. అమ్మ తిట్టేది. నాయన వినిపించుకునేవాడు కాదు. బాగైన మిషన్ను ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ అదే పాఠం. మెడలో తువ్వాలు వద్దు, లుంగీ వద్దు, ఒంటి మీద ఊగేది ఏదీ వద్దు. కంటికి అద్దాలు పెట్టుకోవాలి. రెండు చేతులతో పట్టుకోవాలి. స్విచ్చి వదిలాక కూడా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అది నిలిచేదాకా కింద పెట్టకూడదు. చివర్లో ఒక మాట, దాన్ని మాత్రం వేలు చూపించి చెప్పేవాడు.

"చెయ్యి బ్లేడు దగ్గరికి పోవల్లంటే ముందు వైరు గోడలోనుంచి బయటికి రావల్ల. స్విచ్చిని నమ్మొద్దు."

నేను ఆ మాట వినీ వినీ ఎక్కాల కన్నా ముందు అది నేర్చుకున్నాను. అలాంటి దాన్ని తీసుకొచ్చి ధర్మవరంలో, టేపు అంటించే ఇంజినీరున్న ఇంట్లో ఇచ్చారు.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లంటే నేలలో గుంత ఉన్న ఇల్లు. నేసేవాడు గుంత అంచున నేల మట్టానికి కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, కింద ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతాడు. మా పాత గదిలో వాన పడినప్పుడల్లా గుంతలోకి నీళ్ళు ఊరేవి. మా ఆయన మోకాళ్ళ నొప్పులని మూలిగేవాడు. అందుకని పెరట్లో కాస్త ఎత్తుగా కొత్త గది కట్టారు. గది కట్టింది మగ్గం కోసం. ఈ మాట గుర్తుంచుకోండి. మగ్గం కోసం కట్టిన గదిలో అన్నదమ్ములిద్దరూ కలిసి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నున్నటి టైల్స్ పరిపించారు. ఎదురింటివాళ్ళు పరిపించారు, అందుకు. బావ చెప్పులు విడిచి అటూ ఇటూ నడిచి, "అద్దం మాదిరి ఉండాది," అన్నాడు. మా అత్త వంగి అందులో తన ముఖం చూసుకుంది.

మగ్గం కొయ్యలు లోపలికి మోసుకొచ్చిన రోజు, మా ఆయన కూర్చోబోయి కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. మూడు తరాలుగా నేస్తున్న ఇల్లు ఇది. గుంత సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నాకు గుర్తుంది. టైల్స్ పరుస్తున్న రోజే గుర్తుంది. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

టైల్స్ వేసిన మేస్త్రీని పిలిస్తే, రేపొస్తా రేపొస్తా అని పదిహేను రోజులు తిప్పాడు. బావకు రోషం వచ్చింది. నాలుగు గీతలు కోసి, మధ్యలో టైల్స్ పగలగొట్టి, కింద మట్టి తవ్వితే అయిపోయే పనికి మేస్త్రీ ఎందుకన్నాడు. నేను ఊరుకోలేక, హిందూపురంలో మా నాయన దగ్గర మంచి కట్టర్ ఉంటుందని చెప్పాను.

"మీ నాయన దగ్గరికి పోతే మిషన్ కంటే పాఠం పెద్దది ఇస్తాడు," అని నవ్వాడు బావ. మర్నాడు పెనుకొండలో పాత సామాన్ల అంగట్లో ఒక కట్టర్ కొని, సంచిలో వేసుకుని బస్సులో వచ్చాడు. దాని వైరుకు చివర ప్లగ్గు లేదు. పిడి పగిలితే ఎవరో నల్ల టేపు చుట్టారు. నొక్కిన స్విచ్చి నొక్కినట్టే నిలబడడానికి పక్కన ఒక బొత్తాం ఉంటుంది. అది బిగుసుకుపోయి, లోపలికి పోతే మళ్ళీ సులభంగా బయటికి రావడం లేదు. అన్నిటికన్నా ఆశ్చర్యం, గార్డు ఉంది. బావ మొదట చేసిన పని దాన్ని ఊడదీయడం.

"ఏంటికి బావా అది తీసేసినారు?" అన్నాను.

"అది ఉంటే గీత కనపడదమ్మా. లోతు పోదు. అడ్డం అది."

"మీ కంపెనీలో తీస్తే ఊరుకుంటారా?"

బావ మా ఆయన వైపు తిరిగి, "హిందూపురం ఇంజినీరమ్మ మాట్లాడతాండాది చూడు," అన్నాడు. మా ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆయనకే తెలియదు. అన్న నవ్వితే నవ్వడం ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు.

బావ కంపెనీ సంగతి నాకు తెలుసు. గేటు దగ్గర తల మీద టోపీ, కంటికి అద్దాలు, కాళ్ళకు ఇనుప ముక్కున్న బూట్లు లేకపోతే లోపలికి రానివ్వరు. సాయంత్రం బయటికి రాగానే అవన్నీ సంచిలో పెట్టి హవాయి చెప్పులు వేసుకుంటాడు. అక్కడ సూపర్‌వైజరు చూస్తాడు కాబట్టి కళ్ళు కాపాడుకుంటాడు. ఇంట్లో చూసేవాడు లేడు కాబట్టి కళ్ళతో పని లేదు. ఆ మనిషి లుంగీ ఎగ్గట్టి, మెడలో తువ్వాలుతో, రెండు వైర్లను సాకెట్టు బొక్కల్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించి మిషన్ ఎత్తాడు.

గదంతా తెల్లటి దుమ్ము లేచింది. గుంత లేక మగ్గాన్ని మళ్ళీ పాత గదిలోనే బిగించారు కదా, దాని మీద ఉన్న చీరకు మాత్రం రెండు దుప్పట్లు కప్పారు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని ఒక్కరికీ తోచలేదు. పట్టు ఖరాబైతే నేతకిచ్చిన సేటు ఊరుకోడు, ఊపిరితిత్తులు ఖరాబైతే సేటుకేం? ఒక టైలు పెచ్చు ఎగిరి గోడ మీద క్యాలెండరును చీల్చింది. బావ కళ్ళు మూసుకుని కోస్తున్నాడు. నిజంగానే మూసుకున్నాడు, దుమ్ము పడుతుందని. ఆ రోజు రెండు గీతలు పడ్డాయి. ఒకటి పాము పాకినట్టుంది. రెండోదాని గురించి చెప్పకపోవడమే మేలు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మా ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వరుసగా పెడతారు. పోగును అటూ ఇటూ నడిపే నాడెలు, కత్తెర, కండెలు చుట్టే రాట్నం, బావ స్క్రూడ్రైవర్లు. ఆ ఏడాది మధ్యలో పీట వేసి కట్టర్‌ను కూర్చోబెట్టారు. బ్లేడుకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. నిమ్మకాయ కోశారు. అగరొత్తులు తిప్పారు. ఊడదీసిన గార్డును ఏం చేయాలో తెలియక గోడకు మేకు కొట్టి తగిలించారు. అక్కడితో ఊరుకున్నారా? దానికి కూడా మూడు బొట్లు పెట్టి పూవు గుచ్చారు. దేవుడి పటాల పక్కన అదొక పటం అయి కూర్చుంది. దాన్ని చూసి నేను ఎంత నవ్వుకున్నానో చెప్పలేను. ఉండాల్సిన చోట వద్దట, గోడ మీదైతే దండం పెట్టుకుంటారట.

మా అత్తగారింట్లో ఇంకో ఆచారం ఉంది. పడుగు నేసి ముగించాక మగ్గంలో చివర కాస్త పట్టు మిగులుతుంది. ఆ పోగుల్ని పారేయరు. తొమ్మిది పోగులు కలిపి పురిపెట్టి, పసుపు రాసి, ఆయుధ పూజ నాడు నేసేవాడి కుడి చేతికి కంకణంగా కడతారు. కట్టిన దాన్ని తెంపకూడదు. దానంతట అది ఊడిపోవాలి. పట్టు కాబట్టి అది అంత త్వరగా ఊడదు. అది చేతికి ఉన్నన్నాళ్ళూ మగ్గం ఆగదని మా అత్త చెబుతుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ కంకణం పురిపెట్టేదీ, కట్టేదీ నేనే.

ఈ ఇంట్లో నేను గౌరవించేది ఒక్కటే, మా ఆయన కుడి చేయి. మనిషిని గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. ఎవరు ఏం చెప్పినా సరేనంటాడు. కానీ నేతలో పోగు తెగినప్పుడు చూడాలి. కంటికి ఆనని పట్టు పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చూపు ఎక్కడో పెట్టుకుని, ఒక్కసారి అలా నలిపి వదులుతాడు. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఈ వీధిలో ఎవరి మగ్గంలోనైనా పడుగు చిక్కుపడితే పిలిచేది ఆయన్నే. మా పొయ్యి వెలిగేది ఆ రెండు వేళ్ళ మీదే.

ఆ చేతికి ఆ ఏడాది నేను మామూలు కంకణం కట్టలేదు. ధర్మవరంలో నా కుచ్చులకు పేరుంది. సేట్లు మంచి చీరలు వస్తే కొంగుకు కుచ్చులు కట్టడానికి నా దగ్గరికే పంపుతారు. ఆ గర్వంతో కంకణం ముడి దగ్గర ఎర్రటి పోగులూ బంగారు రంగు పోగులూ కలిపి, రెండు వేళ్ళ పొడవున ఒక కుచ్చు వేశాను. మా ఆయన చేయి ఊపి చూసుకున్నాడు. కుచ్చు ఊగింది. "బలే ఉండాది," అన్నాడు. నాకు సంతోషమైంది. ఎదురుగా గోడ మీద గార్డు, దాని కింద నేను.

పండగ అయిన మూడో రోజు బావ డ్యూటీకి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ తమ్ముడితో, "నేనొచ్చిందాకా ముట్టుకోవద్దులే. నీకు చేతకాదు," అన్నాడు. ఆ మాట అనకపోతే మా ఆయన ముట్టుకునేవాడు కాడు. టీ తాగి, లుంగీ బిగించి, కొత్త గదిలోకి వెళ్ళాడు. నేను గడప ఇవతల చీర పరుచుకుని కుచ్చులు కడుతున్నాను. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుకుంటూ కోశాడు. అది తనంతట తనకు తోచిందే. ఒక గీత బాగా వచ్చింది కూడా. బావ గీతల కన్నా వంద రెట్లు నయం. చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

అప్పుడు కరెంటు పోయింది.

మగ్గాల ఇళ్ళలో కరెంటు పోతే ఎవరూ లైటు స్విచ్చి ఆర్పరు. అలాగే వదిలేసి అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. లోపల బల్బు వెలిగితే కరెంటు వచ్చినట్టు. లేచి వెళ్ళి మళ్ళీ మగ్గంలో కూర్చుంటారు. ఫ్యానూ అంతే, టీవీ అంతే. ఇది మా వీధి మొత్తానికి ఉన్న అలవాటు. మా ఆయన కట్టర్‌కు కూడా అదే చేశాడు. బొత్తాం లోపలికి నొక్కింది నొక్కినట్టే ఉంది. మిషన్ను తిరగేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"స్విచ్చి తీసేయి," అన్నాను గడప ఇవతల నుంచే.

"ఉండనీలే. కరెంటు వస్తే తెలుస్తాది కదా."

కరెంటు వస్తే తెలుస్తుందట! బల్బుకూ బ్లేడుకూ తేడా తెలియని మనిషితో నేనేం మాట్లాడను? తడి దుమ్ము బ్లేడు చుట్టూ, మధ్యలో ఉన్న నట్టు చుట్టూ ముద్దలా పట్టుకుంది. గుడ్డ పేలికతో దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. నేను చూశాను. వైరు గోడలోనే ఉంది, చేయి బ్లేడు మీద ఉంది. నాయన చెప్పిన మాట చెవిలో గంటలా మోగింది. లేచి నాలుగు అడుగులు వేస్తే ఆ వైరు లాగేయొచ్చు. ఒకసారి చెప్పాను, వినలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, రెండోసారి చెప్పి ఏం లాభం అనుకున్నాను. పడితే తెలిసొస్తుంది అని కూడా అనుకున్నాను. ఇప్పుడు దాచి ఏం చేస్తాను, అనుకున్నాను. తల వంచుకుని ముడి వేసుకున్నాను.

కరెంటు వచ్చింది. నాకు ముందు వినిపించింది మిషన్ చప్పుడు కాదు. వసారాలో ఫ్యాను టకటకమంటూ తిరగడం. ఆ తర్వాత ఆయన అరుపు. మిషన్ ఒళ్ళోంచి ఎగిరి పక్కకు పడాలి. పడలేదు. చేతికి అంటుకుపోయినట్టు ఉంది. చేతిని తన వైపు లాక్కుంటోంది. ఆయన ఎడమ చేత్తో దాన్ని తోస్తున్నాడు. స్విచ్చి ఎక్కడుందో ఆయనకు అందడం లేదు. నేను వైరు పట్టుకుని లాగేశాను. అగ్గిపుల్లలు నేల మీద పడ్డాయి. ఆ అద్దం లాంటి టైల్స్ మీద నెత్తురు ఎంత దూరం పారిందో నేను చూశాను. ఆయన మెడలోని తువ్వాలుతోనే చేయి చుట్టాను.

ముందు ఇక్కడి ఆసుపత్రికి, అక్కడి నుంచి అనంతపురానికి. అక్కడ నర్సమ్మ మణికట్టుకు మిగిలిన కంకణాన్ని తీయబోయింది. చేయి వాచి అది చర్మంలోకి దిగబడింది. అంత నొప్పిలోనూ మా ఆయన, "దాన్ని తెంపొద్దు మేడమ్," అన్నాడు. మా అత్త కూడా అదే మాట. ఆమె ఇద్దరినీ చూసి, నన్ను చూసి, కత్తెర పెట్టింది. మొదటిసారి తెగలేదు. రెండోసారీ తెగలేదు.

"ఏం దారమమ్మా ఇది?" అంది.

"మా ఇంటి పట్టు," అన్నాడు మా ఆయన. ఆ గొంతులో గర్వం ఉంది. ఈ ఇంటి మగాళ్ళకు ఎప్పుడు గర్వపడాలో కూడా తెలియదని నేను అప్పుడు కూడా అనుకున్నాను.

నాయన మర్నాడు పొద్దున్నే హిందూపురం నుంచి రైల్లో వచ్చాడు. ఆసుపత్రిలో అల్లుణ్ణి చూసి, నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం ఇంటికి వచ్చాడు, బట్టలు తీసుకుపోదామని. బావ అప్పటికే అరుగు మీద పదిమందిని పోగేసుకుని ఉన్నాడు.

"చెప్పకుండా తీస్తారు, చెప్పకుండా ఇస్తారు. ఈ కరెంటోళ్ళని అనల్ల. మా కంపెనీలో అయితే జనరేటర్ ఉంటాది," అంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా కరెంటుది. పక్కింటావిడ, కొత్త టైల్స్ మీద ఎవరి దిష్టో పడిందంది. నాయన వాళ్ళను దాటుకుని గదిలోకి వెళ్ళి మూల పడి ఉన్న మిషన్ను తీసుకుని, కింద కూర్చుని నట్టు విప్పాడు. నేను పక్కన నిలబడ్డాను. మనసులో ఒక జాబితా సిద్ధంగా ఉంది. గార్డు తీసేశారు, ప్లగ్గు లేదు, లుంగీ, తువ్వాలు, బొత్తాం. ఒక్కొక్కటీ చెప్పి, చూశావా నాయనా నేనెలాంటి వాళ్ళ మధ్య బతుకుతున్నానో అని ఏడుద్దామనుకున్నాను.

నాయన బ్లేడు తీశాడు. దాని వెనక, అది తిరిగే ఇనుప కడ్డీకి, గార్డు ఉంటే కప్పి ఉండే చోట, ఏదో చుట్టుకుని ఉంది. నెత్తురూ దుమ్మూ పట్టి నల్లగా ఉంది. నాయన దాన్ని గోటితో మెల్లగా విప్పాడు. మోటారు తీగ విప్పినట్టు, ఒక్కో చుట్టూ. విప్పుతుంటే లోపలి చుట్లలో ఎరుపు కనపడింది. తర్వాత బంగారు రంగు. చివర ముడి వచ్చింది. కుచ్చు ముడి ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. నాది నాకు తెలుసు. నాయనకూ తెలుసు, పెళ్ళికి ముందు ఆయన అంగట్లో కూర్చుని ఎన్ని వేసి ఉంటాను.

"నూలు దారమైతే తెగిపోయి ఉండేదమ్మా," అన్నాడు. "పట్టు కదా, అంత సులువుగా తెగలే. చెయ్యిని లాగినాకనే తెగింది."

అంతే. తిట్టలేదు. ఒంటి మీద ఊగేది ఏదీ ఉండకూడదని నీకు నేను చెప్పలేదా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ నల్లటి ఉండను నా చేతిలో పెట్టి, మిషన్ను సంచిలో వేసుకున్నాడు. గోడ మీది గార్డును కూడా తీసుకున్నాడు. దాని మీద పూవు ఇంకా పూర్తిగా వాడలేదు.

మా ఆయనకు చూపుడువేలు ఉంది కానీ వంగదు. బొటనవేలికి స్పర్శ లేదు. గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఆడించమన్నారు, రోజూ ఆడిస్తాడు. స్పర్శ లేని వేలికి పట్టు పోగు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మేస్త్రీ మాత్రం విషయం విని వెంటనే వచ్చాడు. గార్డున్న మిషన్ తెచ్చుకుని, పూట తిరక్కుండా గుంత కోసిచ్చి వెళ్ళాడు. ఆ గుంతలో ఇప్పుడు కాళ్ళు పెట్టుకుని కూర్చునేది నేను. నా నేత గొప్పగా ఏం ఉండదు. పెద్ద సేట్లు నాకు మంచి పడుగులు ఇవ్వరు. మా ఆయన రాట్నం దగ్గర కూర్చుని ఎడమ చేత్తో కండెలు చుడతాడు. నా మగ్గంలో పోగు తెగితే నేను మూడుసార్లు తంటాలు పడి అతుకుతాను. ఆయన చూస్తుంటాడు.

బావ ఇప్పటికీ కరెంటునే తిడతాడు. మా అత్త దిష్టినే తిడుతుంది. నేను కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏడాది పాటు అందరి మూర్ఖత్వాన్నీ మనసులో తిట్టుకుంటూ, ఆ నల్లటి ఉండను కుంకుమ భరిణె కింద దాచుకుని తిరిగాను. ముఖ్యంగా మా ఆయనకు తెలియదని నా ధీమా. తన చేతిని ఏం లాగిందో కూడా తెలియని అమాయకుడు అనుకునేదాన్ని. ఆ అమాయకత్వాన్ని కూడా చిన్నచూపే చూశాను.

మళ్ళీ ఆయుధ పూజ వచ్చింది. నాడెలు, కత్తెర, రాట్నం. మధ్యలో పీట లేదు. గోడకు మేకు అలాగే ఉంది. నేను నేసిన పడుగులో మిగిలిన పట్టు పోగుల్ని మా ఆయన తానే తొమ్మిది లెక్కపెట్టి, పసుపు రాసి పళ్ళెంలో పెట్టాడు. నా ముందుకు వచ్చి కూర్చుని ఎడమ చేయి చాపాడు.

"కట్టు," అన్నాడు.

ఏడాదిగా దాచుకున్నది బయటికి వచ్చేసింది.

"పోయిన దసరాకు నేను వేసిన కుచ్చే ఆ మిషన్లో చుట్టుకున్నేది. అదే నీ చెయ్యి లాగింది. నాయన తీసి చూపించినాడు."

ఆయన చాపిన చేయి వెనక్కి తీసుకోలేదు.

"నా చెయ్యి లాగింది ఏందో నాకు తెలీదా?" అన్నాడు.

"తెలిసి ఏంటికి చెప్పలేదు?"

"చెప్పి ఏం లాభం?"

ఆ మాట నాది. గడప ఇవతల కూర్చుని, ఆయన్ను పురుగులా చూస్తూ, నేను అనుకున్న మాట. అదే మాట ఆయన నోట్లోంచి వస్తే అందులో నన్ను కించపరిచేది ఒక్కటీ లేదు. అప్పుడు ఏడ్చాను. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు.

పళ్ళెంలోని పట్టును పక్కన పెట్టి, జాకెట్లు కుట్టుకునే నూలు దారం ఉండ తెచ్చాను. మా అత్త ఏదో అనబోయింది. ఆయన చేత్తో వద్దన్నాడు. ఒక పోగు తుంచి, రెండు చేతులతో పట్టుకుని లాగి చూశాను. పుటుక్కున తెగింది. అదే ఉండలోంచి ఇంకొకటి తుంచి పసుపు రాసి, కుచ్చు లేకుండా, చివర్లు పొట్టిగా కత్తిరించి, ఆయన ఎడమ చేతికి కట్టాను.